కొలిమి దగ్గర కోడ్ ఎవరిది?

సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ల తలుపు తీయడానికి 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో ఆ జవాబు సభ బయట కొద్దికొద్దిగా మారిపోయింది. జంషెడ్‌పూర్ లాంటి ఊళ్లను మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఎవరూ అడగలేదు.

జంషెడ్‌పూర్ రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన ఉక్కు పలక రోలర్ల మధ్య నుంచి దూసుకుపోతుంటే, దాని మందం ఎంత ఉండాలో మనిషి చెయ్యి నిర్ణయించదు. రోలర్ల మీద ఎంత ఒత్తిడి పడుతోందో ఒక పరికరం కొలిచి కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ లెక్క కట్టి రోలర్ల మధ్య సందు ఎంత తగ్గాలో, ఎంత పెరగాలో తేలుస్తుంది. రెప్పపాటులో హైడ్రాలిక్ యంత్రం ఆ పని చేసేస్తుంది. ఉక్కు అదే, రోలర్లూ అవే. తేడా అంతా ఆ లెక్కలోనే ఉంది. అది కాస్త అటూ ఇటూ అయితే కారు తలుపు కావలసిన రేకు తుక్కు కుప్పలోకి పోతుంది.

ఆ లెక్క ఎవరి సొత్తు? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ దాని మీద 2004 చివర్లో, 2005 ఆరంభంలో ఢిల్లీలో ఒక రాజకీయ పోరాటం నడిచింది. నిజానికి అది నేటికీ ముగియలేదు. అప్పటి ప్రభుత్వం చట్టంలో చేర్చదలచిన మాట ‘పరిశ్రమ’. దేశంలో పరిశ్రమ అనగానే గుర్తొచ్చే మొదటి ఊళ్లలో జంషెడ్‌పూర్ ఒకటి. అయినా ఆ చర్చలో ఆ ఊరి ఊసే పెద్దగా వినపడలేదు.

గొడవ అర్థం కావాలంటే ముందు కాపీరైట్‌కూ పేటెంట్‌కూ తేడా తెలియాలి. మన చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచనతో సమానం. రాసినవాడికి కాపీరైట్ ఉంటుంది, ఆ రాతను ఎవరూ ఎత్తి రాసుకోకూడదు. అయితే అదే పని చేసే మరో ప్రోగ్రామ్‌ను సొంతంగా, వేరుగా రాసుకుంటే తప్పు లేదు. రామాయణాన్ని ఎంతమందైనా తిరిగి చెప్పవచ్చు, ఒకరి పుస్తకాన్ని మాత్రం మరొకరు అచ్చు వేసుకోకూడదు. పేటెంట్ అలా కాదు. అది రాతకు కాకుండా ఉపాయానికే కంచె వేస్తుంది. ఆ ఉపాయాన్ని మరొకరు తమ బుర్రతోనే, మొదటివాడి పేరు కూడా వినకుండా కనిపెట్టినా సరే, 20 ఏళ్లపాటు వాడుకోవడానికి వీల్లేదు. సాఫ్ట్‌వేర్ పేటెంట్ల మీద ప్రపంచమంతటా రగిలిన తగాదాకు మూలం ఇక్కడే ఉంది.

మన దేశంలో ఈ కంచెకు 2002 నాటి సవరణ అడ్డుగీత గీసింది. గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, అల్గారిథమ్‌లు, ‘పర్ సే’ కంప్యూటర్ ప్రోగ్రామ్‌లు ఆవిష్కరణలు కావని పేటెంట్ల చట్టం 3(కె) సెక్షన్ చెప్పింది. ‘పర్ సే’ లాటిన్ మాట. ‘దానంతట అది’, ‘కేవలం అదే’ అని దాని భావం. ఈ రెండు చిన్న మాటలను ఇరికించింది సంయుక్త పార్లమెంటరీ కమిటీ. ప్రోగ్రామ్‌తోపాటు దానికి అనుబంధంగా మరేదైనా నిజమైన ఆవిష్కరణ ఉంటే దాన్ని తోసిపుచ్చకూడదనీ, ప్రోగ్రామ్‌కు మాత్రం ప్రోగ్రామ్‌గా పేటెంట్ ఇవ్వకూడదనీ కమిటీ 2001లో వివరణ ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ చట్టంలో దూరిన ఆ మాటలు తర్వాత ఎంత దూరం లాక్కెళతాయో అప్పటికి ఎవరూ ఊహించి ఉండరు.

2004 డిసెంబరు 26న, సునామీ తూర్పు తీరాన్ని ముంచెత్తిన రోజునే, పేటెంట్ల చట్టానికి సవరణలు చేస్తూ ఆర్డినెన్స్ వెలువడింది. ప్రపంచ వాణిజ్య సంస్థకు ఇచ్చిన మాట ప్రకారం 2005 జనవరి 1 నుంచి మందులకు కూడా ఉత్పత్తి పేటెంట్లు ఇవ్వాలి. గడువు ముంచుకొచ్చింది. ఆ హడావుడిలో సాఫ్ట్‌వేర్ మాట కూడా మారింది. ప్రోగ్రామ్‌లకు పేటెంట్ ఉండదంటూనే ఆర్డినెన్స్ రెండు మినహాయింపులు చేర్చింది. ఒకటి, పరిశ్రమలో సాంకేతికంగా ఉపయోగపడేది. రెండు, హార్డ్‌వేర్‌తో జతకూడినది. సెల్‌ఫోన్ల నుంచి రకరకాల పరికరాల దాకా సాఫ్ట్‌వేర్ ఇమిడిపోయి వస్తోందనీ, మారిన కాలానికి ఈ రక్షణ అవసరమనీ అప్పటి వాణిజ్య మంత్రి కమల్‌నాథ్ సమర్థించుకున్నారు. ఉత్త సాఫ్ట్‌వేర్‌కు ఎప్పటిలా కాపీరైటే ఉంటుందని కూడా చెప్పారు.

విమర్శకులు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. హార్డ్‌వేర్ లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా ఉందా? పరిశ్రమలో ఎక్కడా అక్కరకు రాని ప్రోగ్రామ్‌ను డబ్బు పెట్టి ఎవరైనా రాయించుకుంటారా? ఈ రెండు మినహాయింపులూ కలిస్తే నిషేధంలో మిగిలేది ఏమిటి? ఏనుగు దూరేంత సందు వదిలి, తోకకు తాళం వేసినట్టుందని వారి వాదన. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు, పేటెంట్ చట్టాల మీద ఏళ్ల తరబడి పోరాడుతున్న జాతీయ కార్యాచరణ బృందం, వామపక్షాలు ఈ విషయంలో దాదాపు ఒకే మాట మీద నిలిచాయి.

రాజకీయ లెక్కలు కూడా వారికి కలిసొచ్చాయి. మన్మోహన్ సింగ్ నాయకత్వంలోని యూపీఏ ప్రభుత్వం సుమారు 60 మంది వామపక్ష ఎంపీల మద్దతుతో నిలబడి ఉంది. వారు కాదంటే బిల్లు గట్టెక్కదు. ప్రతిపక్షం ఆదుకుంటుందా అంటే అదీ లేదు. తమాషా ఏమిటంటే 2003 డిసెంబరులో వాజపేయి ప్రభుత్వం లోక్‌సభలో పెట్టిన బిల్లుకూ ఈ ఆర్డినెన్స్‌కూ పోలికలు చాలానే ఉన్నాయి. లోక్‌సభ రద్దు కావడంతో ఆ బిల్లు మురిగిపోయింది. అధికారంలో ఉండగా తాము తెచ్చిన చట్టాన్నే ఎన్డీయే ఏడాది తిరిగేసరికి వ్యతిరేకించింది. కుర్చీ మారితే చట్టం రుచి మారడం ఢిల్లీలో కొత్తేమీ కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జార్ఖండ్ దేశం నోట నానింది. కారణం మాత్రం పేటెంట్లు కాదు. ఫిబ్రవరిలో జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. గవర్నర్ సయ్యద్ సిబ్తే రజీ మార్చి 2న శిబూ సోరెన్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. బీజేపీ భగ్గుమంది. పార్లమెంటు హోరెత్తింది. బలపరీక్ష ముందుకు జరపాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. సోరెన్ దిగిపోయి మార్చి 12న అర్జున్ ముండా గద్దెనెక్కారు. రాంచీ కుర్చీ కోసం ఢిల్లీలో రగడ జరుగుతుంటే, అదే రాష్ట్రంలోని అతిపెద్ద పారిశ్రామిక నగరానికి సంబంధించిన ఒక వాక్యం గురించి తెరవెనుక బేరసారాలు సాగాయి. జంషెడ్‌పూర్‌కు అప్పుడు ఎంపీ జార్ఖండ్ ముక్తి మోర్చాకు చెందిన సునీల్ మహతో. ఆయన పార్టీ యూపీఏలోనే ఉంది. మాట్లాడాల్సినవారి చూపంతా ఎమ్మెల్యేల తలల లెక్క మీదే ఉండిపోయింది.

చివరికి ప్రభుత్వం తలొగ్గింది. లోక్‌సభలో మార్చి 22న, రాజ్యసభలో 23న ఆమోదం పొందిన చట్టంలో ఆర్డినెన్స్ నాటి ఆ రెండు మినహాయింపులు లేవు. 3(కె) సెక్షన్ 2002లో ఎలా ఉందో అలాగే మిగిలింది. ఉపయోగం లేని చిన్న మార్పులతో పాత మందులకు కొత్త పేటెంట్లు పుట్టించకుండా 3(డి) సెక్షన్‌ను బిగించారు. పేటెంట్ ఇవ్వకముందే అభ్యంతరం చెప్పే హక్కును కాపాడారు. వామపక్షాలు ఆ నాలుగేళ్ల మద్దతు కాలంలో సాధించిన విజయాల్లో ఇది ముఖ్యమైనది. కానీ వీధుల్లో వినపడ్డ నినాదాలన్నీ మందుల గురించినవే. ఎయిడ్స్ రోగుల మందులు, క్యాన్సర్ మందుల ధరలు ప్రాణాలతో ముడిపడినవి కాబట్టి అది సహజం. అటు మందుల పరిశ్రమకూ ఇటు సాఫ్ట్‌వేర్‌కూ నెలవైన హైదరాబాద్‌లో సైతం మాత్రకు దొరికిన ప్రాధాన్యం ప్రోగ్రామ్‌కు దొరకలేదు.

అదే సమయంలో ఐరోపాలోనూ ఇదే పోరు నడిచింది. సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు దారి తీసే ఆదేశాన్ని ఆమోదింపజేయాలని పెద్ద కంపెనీలు, చిన్న సంస్థలను దెబ్బ తీస్తుందని ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి తలపడ్డారు. 2004 డిసెంబరులో, మన ఆర్డినెన్స్‌కు కొద్ది రోజుల ముందు, ఆ ముసాయిదాను చేపలు, వ్యవసాయం చూసే మంత్రుల సమావేశంలో చర్చ లేకుండా దాటించే ప్రయత్నం జరిగితే పోలండ్ అడ్డుపడింది. 2005 జూలై 6న ఐరోపా పార్లమెంటు ఆ ఆదేశాన్ని 648–14 ఓట్ల తేడాతో తిరస్కరించింది. ఢిల్లీలో సంకీర్ణ అవసరం చేసిన పనిని అక్కడ ప్రోగ్రామర్ల నిరసన చేసింది. ఫలితం ఒకటే. పునాది మాత్రం వేరు. అక్కడ ఎందుకు వద్దో జనానికి తెలిసింది. ఇక్కడ వద్దన్న సంగతే చాలామందికి తెలియలేదు.

ఇక జంషెడ్‌పూర్ సంగతి. ఈ ఊరికి ఈ తగాదాలో రెండు ముఖాలున్నాయి. ఒకటి టాటా స్టీల్, టాటా మోటార్స్ లాంటి మహా సంస్థలు, జాతీయ లోహశోధన ప్రయోగశాల. వాటికి పరిశోధకులున్నారు, పేటెంట్ న్యాయవాదులున్నారు, దరఖాస్తు పెట్టే స్తోమత ఉంది. రెండోది ఖర్కాయి నదికి ఆవల ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ. పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు చేసిచ్చే వందల చిన్న యూనిట్లు అక్కడ ఉన్నాయి. ఒక ఊరిలోనే, ఒక వాహనం తయారీలోనే, ఈ రెండు ముఖాల అవసరాలు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

ఆదిత్యపూర్‌లో పదిమంది పనిచేసే షెడ్డును ఊహించుకోవచ్చు. నాలుగు సీఎన్‌సీ మెషీన్లున్నాయి. రోజంతా కోస్తూ ఉంటే పనిముట్టు అంచు అరిగిపోయి, సాయంత్రానికి తయారైన ముక్కల కొలత తప్పుతుంది. పాలిటెక్నిక్ చదివిన కుర్రవాడు ఆ అరుగుదలను ముందే లెక్కవేసి సవరించే చిన్న ప్రోగ్రామ్ రాసుకుంటాడు. ఎవరి దగ్గరా దొంగిలించలేదు. నాలుగు రాత్రులు మేలుకుని తానే కనిపెట్టాడు. కాపీరైట్ చట్టం కింద అతడు నిర్దోషి. కానీ ఆ ఉపాయానికి జర్మనీలోనో జపాన్‌లోనో ఉన్న యంత్రాల కంపెనీ ఇక్కడ పేటెంట్ తీసుకుని ఉంటే, షెడ్డు యజమానికి లాయర్ నోటీసు రావచ్చు. నోటీసులో రాసింది నిజమో కాదో తేల్చుకోవడానికే అతడికి ఏడాది లాభం చాలదు. పోట్లాడడం కన్నా ప్రోగ్రామ్ తీసేయడం చవక. ఆర్డినెన్స్‌లోని ‘పరిశ్రమలో సాంకేతికంగా ఉపయోగపడేది’ అన్న మాట నేరుగా తగిలేది ఇలాంటి షెడ్డుకే.

బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని తరాలుగా స్థిరపడిన తెలుగువారికి కూడా ఇది పరాయి సంగతి కాదు. తాతలు ఉక్కు పనికి వచ్చారు. మనవలు బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లి ప్రోగ్రామ్‌లు రాస్తున్నారు. కొలిమికీ కోడ్‌కూ మధ్య దూరం ఈ కుటుంబాల్లో ఒకటి రెండు తరాలే. తాత చేతి నైపుణ్యానికి ఎవరూ పేటెంట్ అడగలేదు. మనవడి బుర్రలోని లెక్కకు మాత్రం ఆ ప్రశ్న వచ్చింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. రెండో వైపు వాదనలోనూ బలముంది. 1981లో అమెరికా సుప్రీంకోర్టు డైమండ్–డీర్ కేసులో ఈ ప్రశ్నే ఎదుర్కొంది. అచ్చులో పోసిన రబ్బరు ఎంతసేపు ఉడకాలో ఎప్పటికప్పుడు ఉష్ణోగ్రత కొలుస్తూ, అందరికీ తెలిసిన ఒక రసాయన సూత్రంతో కంప్యూటర్ లెక్క కట్టి, సరైన క్షణంలో అచ్చు తెరుస్తుంది. సూత్రానికి పేటెంట్ ఇవ్వలేదు. రబ్బరును మెరుగ్గా ఉడికించే మొత్తం పద్ధతికి ఇవ్వవచ్చని 5–4 తేడాతో తీర్పు వచ్చింది. జంషెడ్‌పూర్ రోలింగ్ మిల్లుకు ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు. కోట్లు ఖర్చుపెట్టి ఉక్కు తయారీని నిజంగా మెరుగుపరిచిన సంస్థను, అందులో కంప్యూటర్ ఉంది కాబట్టి నీకు పేటెంట్ లేదు పొమ్మనడం న్యాయమా? కాదు. కాబట్టే 2001లో కమిటీ ‘పర్ సే’ అంది. కొత్త ఉక్కు పద్ధతికి ఆ మాటల నీడలోనే చోటుంది. దాని కోసం మరో రెండు తలుపులు తెరవాల్సిన పని లేదు.

ఉక్కు చరిత్రే మరో పాఠం చెబుతుంది. బెస్సెమర్ 1856లో తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఉక్కు పెళుసుదనాన్ని పోగొట్టే ఉపాయం రాబర్ట్ ముషెట్‌ది. అతడి పేటెంట్‌ను చూసుకోవాల్సినవాళ్లు 1859లో స్టాంపు రుసుము కట్టకపోవడంతో ఆ హక్కు పోయింది. బెస్సెమర్ కోటీశ్వరుడయ్యాడు. ముషెట్‌కు చివరికి బెస్సెమర్ దయతలచి ఇచ్చిన ఏటా 300 పౌండ్లే మిగిలాయి. పేటెంట్ కనిపెట్టినవాడికన్నా కాగితాలు చూసుకునే శక్తి ఉన్నవాడికే ఎక్కువ మేలు చేస్తుందనడానికి ఆ పరిశ్రమ పుట్టుకలోనే సాక్ష్యం ఉంది.

అంతకన్నా ముఖ్యమైనది కాలం లెక్క. 1912లో జంషెడ్‌పూర్‌లో తొలిసారి ఉక్కు పోసిన నాటికి, అక్కడ వాడిన ఓపెన్ హార్త్ కొలిమి మూల పేటెంట్లు 1860ల నాటివి కాబట్టి ఎప్పుడో గడువు తీరిపోయాయి. ఆ జ్ఞానం అప్పటికి అందరిదీ. ఆ కొలిములు ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు పనికొచ్చాయి. అంటే పేటెంట్ కాలం తీరాక కూడా సమాజానికి దక్కేది మిగిలింది. పేటెంట్ అనే బేరంలో జనానికి వచ్చే వాటా అదే. రహస్యం చెప్పు, కొన్నేళ్లు నువ్వొక్కడివే అనుభవించు, తర్వాత అందరికీ వదిలెయ్. సాఫ్ట్‌వేర్‌లో ఈ బేరం చెల్లదు. 20 ఏళ్ల కిందటి ప్రోగ్రామ్ ఉపాయం చాలావరకు మ్యూజియం సరుకు. కంచె తీసేసరికి లోపల పంట ఉండదు.

ఇంత బలమైన వాదనలు రెండు వైపులా ఉన్న సమస్య మీద పార్లమెంటు ఒక నిర్ణయం తీసుకుంది. కథ అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు. చట్టంలో మాట మారకుండానే దాని అర్థం చాపకింద నీరులా మారుతూ వచ్చింది. మొదట పేటెంట్ కార్యాలయం మాన్యువల్ ముసాయిదాల మీద గొడవ. ఆ తర్వాత 2013లో కంప్యూటర్ సంబంధిత ఆవిష్కరణల పరిశీలనకు మార్గదర్శకాల ముసాయిదా. 2015 ఆగస్టు 21న తుది మార్గదర్శకాలు వచ్చాయి. కొత్త హార్డ్‌వేర్ ఉంటే సరే. పాత హార్డ్‌వేర్ అయినా కొత్త ప్రోగ్రామ్‌తో కలిసి మామూలుకన్నా మించిన పని చేస్తే అదీ సరే అన్నాయి. హార్డ్‌వేర్‌తో జతకూడినది అన్న ఆర్డినెన్స్ నాటి మాటకూ దీనికీ తేడా వెతకాలంటే భూతద్దం కావాలి. పదేళ్ల కిందట సభ ముందు తలుపున పంపేసిన అతిథి దొడ్డిదారిన వచ్చి కూర్చున్నాడు.

మళ్లీ నిరసనలు. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సభ్యసంస్థగా ఉన్న భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలు న్యాయ సేవా సంస్థలు, విద్యావేత్తల దాకా ప్రధాని కార్యాలయానికి విజ్ఞప్తులు వెళ్లాయి. 2015 డిసెంబరు 14న ఆ మార్గదర్శకాలను పక్కన పెట్టారు. 2016 ఫిబ్రవరి 19న వచ్చిన కొత్తవి గీతను కచ్చితంగా గీశాయి. కొత్తదనమంతా ప్రోగ్రామ్‌లోనే ఉంటే పేటెంట్ లేదు, కొత్త హార్డ్‌వేర్ కూడా ఉండాలి అన్నాయి. చిన్న సంస్థలు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ ఊపిరి ఏడాదిన్నర కూడా నిలవలేదు. 2017 జూన్ 30న వచ్చిన మూడో మార్గదర్శకాల్లో కొత్త హార్డ్‌వేర్ షరతు మాయమైంది. రెండేళ్లలోపే మూడు సార్లు అర్థం మారింది. ఆ రెండేళ్లలో చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. 2025లో మరో విడత మార్గదర్శకాలు వచ్చాయి.

కోర్టులదీ ఇంచుమించు అదే దారి. ట్యునీషియాకు చెందిన ఫరీద్ అల్లానీ 2002లో పెట్టిన దరఖాస్తును పేటెంట్ కార్యాలయం తిరస్కరిస్తే, వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. కృత్రిమ మేధ, బ్లాక్‌చెయిన్‌ల కాలంలో ప్రతి ఆవిష్కరణలోనూ ప్రోగ్రామ్ ఉంటుంది కాబట్టి, సాంకేతిక ప్రభావం చూపేవాటికి పేటెంట్ నిరాకరించకూడదని 2019 డిసెంబరులో తీర్పు వచ్చింది. మరుసటి ఏడాది అప్పిలేట్ బోర్డు ఆ దరఖాస్తుకు పచ్చజెండా ఊపింది. దరఖాస్తుకూ ఫలితానికీ మధ్య 18 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ లోకంలో అది రెండు యుగాలతో సమానం. ‘సాంకేతిక ప్రభావం’ అంటే కచ్చితంగా ఏమిటన్నది ఇప్పుడు కేసు కేసుకూ తేల్చుకోవాల్సిన విషయమైంది.

దీని ఖరీదెంతో 2024 మార్చిలో వచ్చిన మరో తీర్పు చూపించింది. ఫోన్లలో మాటను తరంగాలుగా మార్చి పంపే పద్ధతుల మీద ఎరిక్సన్‌కు పేటెంట్లున్నాయి. అవి ఉత్త అల్గారిథమ్‌లని, 3(కె) ప్రకారం చెల్లవని దేశీయ ఫోన్ల కంపెనీ లావా వాదించింది. ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి, లావా 244 కోట్ల రూపాయలు చెల్లించాలన్నారు. తీర్పు తప్పొప్పుల సంగతి పై కోర్టులు చూసుకుంటాయి. కానీ 3(కె)లోని ఒక మాట ఇటు చదివితే సున్నా, అటు చదివితే వందల కోట్లు అన్నది తేలిపోయింది. లావాకు లాయర్లున్నారు. ఆదిత్యపూర్ షెడ్డుకు లేరు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ తిరగబడింది. దేవుడు ఇవ్వనన్న వరాన్ని పూజారి ఇచ్చేశాడు. పేటెంట్ అధికారులనూ న్యాయమూర్తులనూ తప్పుపట్టి లాభం లేదు. అస్పష్టంగా ఉన్న మాటను ఎవరో ఒకరు చదివి అర్థం చెప్పాల్సిందే. తప్పు పార్లమెంటుది. 2005లో వద్దన్నది గానీ ఏది వద్దన్నదో రాయలేదు. ఆర్డినెన్స్ మాటలను తొలగించి చేతులు దులుపుకుంది. ‘పర్ సే’ అంటే ఏమిటో ఒక్క వివరణ వాక్యం చేర్చి ఉంటే, ఆ తర్వాత నడిచిన తగాదాల్లో సగం ఉండేవి కావు. వామపక్షాలు కూడా అక్కడే గెలిచామనుకుని ఊరుకున్నాయి. 2008లో మద్దతు ఉపసంహరించుకున్నాక, ఈ విషయంలో ప్రభుత్వం చెవి మెలిపెట్టగల శక్తి ఎవరికీ మిగల్లేదు.

ఇప్పటికైనా మార్గం ఉంది. మార్గదర్శకాలు తామే చట్టం కాదని ఒప్పుకుంటాయి కాబట్టి, చట్టం చేసేవారే ఆ పని చేయాలి. ఉక్కునో రబ్బరునో నిజంగా మార్చే తయారీ పద్ధతికి పేటెంట్ ఉంటుంది, లెక్కకూ సమాచారాన్ని అటూ ఇటూ మార్చడానికీ ఉండదు అని సెక్షన్‌లోనే రాయవచ్చు. ప్రోగ్రామ్ ఆధారిత పేటెంట్ల కాలం తగ్గించడం అంత సులువు కాదు, 20 ఏళ్లు అంతర్జాతీయ ఒప్పందం షరతు. కానీ ఒక ఉపాయాన్ని సొంతంగా కనిపెట్టి ముందు నుంచే వాడుకుంటున్న చిన్న యూనిట్‌కు రక్షణ ఇవ్వడానికి అడ్డంకి పెద్దగా లేదు. కొన్ని దేశాల చట్టాల్లో అలాంటి ఏర్పాటు ఇప్పటికే ఉంది.

ఈలోగా ఉన్న ఆయుధం ఒకటే. పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. 2005 పోరాటం కాపాడిన హక్కు అది. జార్ఖండ్ వ్యవహారాలు చూసే పేటెంట్ కార్యాలయం కోల్‌కతాలో ఉంది. టాటానగర్ స్టేషన్ నుంచి రైలెక్కితే సుమారు 250 కిలోమీటర్లు. దరఖాస్తుల వివరాలతో పేటెంట్ జర్నల్ ప్రతి శుక్రవారం వెలువడుతుంది. కానీ మెషీన్ దగ్గర రెండు షిఫ్టులు నిలబడే మనిషి ఆ జర్నల్ చదువుతాడని ఎవరూ అనుకోరు. ఆ పని చిన్న పరిశ్రమల సంఘాలు చేయాలి, ఊళ్లోని సాంకేతిక విద్యాలయాలు చేయాలి. మందుల విషయంలో రోగుల సంఘాలు ఆ హక్కును వాడి ఎన్నో పేటెంట్లను ప్రశ్నించాయి. ప్రోగ్రామ్‌ల విషయంలో అలాంటి కాపలా చాలా తక్కువ.

రోలింగ్ మిల్లులో పలక తర్వాత పలక దూసుకుపోతూనే ఉంటుంది. ప్రతిదాని వెనుకా కంప్యూటర్ లెక్క కడుతూనే ఉంటుంది. ఆ లెక్కలో పొరపాటు జరిగితే అక్కడికక్కడే తెలిసిపోతుంది, రేకు తుక్కయి బయటపడుతుంది. చట్టంలో జరిగిన పొరపాటు అలా కాదు. అది బయటపడడానికి 20 ఏళ్లు పడుతుంది. ఒక్కోసారి, ఆదిత్యపూర్‌లో ఏదో ఒక షెడ్డు తలుపు కింద నుంచి లోపలికి జారే లాయర్ నోటీసు రూపంలో బయటపడుతుంది.